కారు గడియారంలో మూడూ ఇరవై ఐదు

లెక్కల టీచర్ షెడ్డులోకి అడుగుపెట్టేసరికి ఆమె చేతిగడియారంలో పది నలభై. కారు లోపలి గడియారంలో మూడూ ఇరవై ఐదు.

రెండు అంకెలనూ ఆమె గళ్ళ నోటుబుక్కులో పక్కపక్కన రాసుకుంది. కింద ఒక గీత గీసింది. జవాబు రాయాల్సిన చోటు ఖాళీగా వదిలేసింది.

"మీరెందుకొచ్చారో నాకు తెలుసు టీచర్ గారూ," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "మేస్త్రి భార్య పొద్దున్నే మీ గుమ్మంలో కూర్చుందటగా. కానీ ఇందులో కనిపెట్టడానికేమీ లేదండీ. పన్నెండుకల్లా మేస్త్రిని తీసుకెళ్ళిపోతాను. అతని వర్క్‌షాపుకి సీలు వేసేస్తాను."

"పన్నెండుకింకా ఎనభై నిమిషాలుంది. ఎనిమిదో తరగతిలో నీకు ఒక్కో లెక్కకి అంతకన్నా ఎక్కువే ఇచ్చాను."

ఇన్‌స్పెక్టర్ తన కానిస్టేబుల్ ముఖం చూడకుండా టోపీ సర్దుకున్నాడు. టీచర్ బడి మానేసి ఆరేళ్ళయింది. ఈ ఆరేళ్ళలో ఆమె విప్పిన కేసులు తొమ్మిది. వాటిలో నాలుగు ఇతను మూసేసినవే.

జరిగిందాన్ని ఇన్‌స్పెక్టర్ మూడు ముక్కల్లో చెప్పాడు. ఈ ఇంటి యజమాని ఒక ప్రొఫెసర్. డెబ్బై ఏళ్ళ మనిషి, షుగరు ఉంది. ఆయన కారులో బాడీ కంట్రోల్ మాడ్యూల్ పాడైందని షోరూం వాళ్ళు చెబితే నిన్న సాయంత్రం కొత్తది వేయించారు. తలుపుల తాళాలు, లైట్లు, హారను, అద్దాలు అన్నీ ఆ డబ్బా మాటే వింటాయి. దాన్ని వేసింది ఊళ్ళో అందరూ ఫ్యూజు మేస్త్రి అని పిలిచే కార్ల ఎలక్ట్రీషియన్. రాత్రి ఎనిమిదీ ఐదుకి ప్రొఫెసర్ ఇన్సులిన్ తీసుకున్నట్టు ఆయన చార్టులో ఆయన చేతిరాతే ఉంది. భోజనానికి కూర్చోకముందే ఏదో పని మీద షెడ్డులోకి వచ్చి కారెక్కారు. తలుపుల తాళాలు పడిపోయాయి. తెల్లారి ఏడున్నరకి మేనల్లుడు వచ్చి చూసేసరికి వెనక సీట్లో స్పృహ లేకుండా పడి ఉన్నారు. ఇంజెక్షన్ పడ్డాక తిండి లేక షుగరు పడిపోయింది. ఆసుపత్రిలో ఇంకా కళ్ళు తెరవలేదు.

"కొత్త మాడ్యూల్ పనిచెయ్యలేదు, ముసలాయన లోపల ఇరుక్కుపోయాడు. ఆయనకేమైనా అయితే ఇది మామూలు నిర్లక్ష్యం కేసుగా ఉండదు," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

గోడ పక్కన తిరగేసిన బకెట్టు మీద కూర్చున్న మేస్త్రి తల ఇంకా కిందికి వంచాడు. పొద్దున్నే అతని జేబులు వెతికి, కానిస్టేబుల్ని పక్కన నిలబెట్టారు. నలభై ఏళ్ళ మనిషి. వేళ్ళ గీతల్లో నల్లటి గ్రీజు ఎంత తోమినా పోనట్టుంది.

టీచర్ అతని ఎదురుగా చిన్న స్టూలు లాక్కుని కూర్చుంది.

"మాడ్యూల్ మార్చేముందు బ్యాటరీ తీశావా?"

"తియ్యకుండా దాన్ని ముట్టుకోకూడదు టీచరమ్మా."

"మళ్ళీ ఎన్నింటికి కలిపావు?"

"నాలుగూ పదికి."

"అంత కచ్చితంగా ఎలా చెప్తున్నావు?"

"పాత డబ్బా మీద టేపు అంటించి రాస్తానండి. తీసిన టైము, పెట్టిన టైము, కారు తిరిగిన కిలోమీటర్లు, ఎన్ని కీలు ఎక్కించానో, అన్నీ. కింద కస్టమర్ చేత సంతకం పెట్టించి ఆ పాత సామాను వాళ్ళకే ఇచ్చేస్తాను. మా నాన్న నాకు స్పానర్ కంటే ముందు టేపే చేతికిచ్చాడు."

"గడియారం సరిచేశావా?"

"లేదండి. బ్యాటరీ తీస్తే అది పన్నెండుకి పోతుంది. మళ్ళీ కలిపినప్పుడు పన్నెండు నుంచి మొదలవుతుంది. దాని జోలికి నేను పోను." మేస్త్రి కొంచెం సిగ్గుపడ్డాడు. "ఒకసారి నా వాచీ చూసి పెట్టాను. నా వాచీ పావుగంట వెనక. ఆ కస్టమర్ రైలు తప్పిపోయి, మర్నాడు వచ్చి మా వీధంతా వినేలా తిట్టాడు. అప్పట్నుంచి ఎవరి టైము వాళ్ళే పెట్టుకోమంటాను."

టీచర్ నోటుబుక్కు ఇన్‌స్పెక్టర్ వైపు తిప్పింది.

"నిన్న సాయంత్రం నాలుగూ పదికి ఈ గడియారం పన్నెండు. ఇవాళ పది నలభైకి ఎంత చూపించాలి?"

"నన్నా అడుగుతున్నారు?"

"ఇక్కడ నా దగ్గర చదివినవాడివి నువ్వొక్కడివే."

ఇన్‌స్పెక్టర్ చేతులు వెనక్కి పెట్టుకుని వేళ్ళు మడిచాడు. అయినా అందరికీ కనిపించింది. "మధ్యలో పద్దెనిమిదిన్నర గంటలు. ఆరున్నర చూపించాలి."

"నేను చూసినప్పుడు మూడూ ఇరవై ఐదు. పది నలభైలోంచి అది తీసెయ్."

అతను ఈసారి గాలిలో రాసుకున్నాడు. "ఏడూ పదిహేను." ఒక క్షణం ఆగి, మళ్ళీ తనే అన్నాడు. "ఇవాళ పొద్దున్న ఏడుంబావుకి ఎవరో బ్యాటరీ కలిపారు."

"కలపాలంటే ముందు తియ్యాలి. బ్యాటరీ లేని కారులో హారను మోగదు. అద్దం దిగదు. జేబులో కీ ఉన్నా నొక్కితే పలకదు. ఆయన రాత్రంతా ఆ కీ నొక్కుతూనే ఉండి ఉంటాడు."

గుమ్మం దగ్గర నిలబడి ఉన్న మేనల్లుడు చేత్తో ముఖం తుడుచుకున్నాడు. ముప్ఫై ఏళ్ళుంటాయి. మనిషి నలిగిపోయి ఉన్నాడు.

"నువ్వొచ్చింది ఏడున్నరకి కదా బాబూ?" అంది టీచర్.

"అవునండీ. కోల్డ్ స్టోరేజీలో రాత్రి డ్యూటీ. ఏడింటికి దిగాను. ఇంట్లో మామయ్య లేడు, కంచం బోర్లించినట్టే ఉంది. వెతుక్కుంటూ ఇటొచ్చాను."

"కారు ఎలా తెరిచావు?"

"సొరుగులో రెండో కీ ఉంటుంది. పరిగెత్తి తెచ్చి నొక్కాను."

"ఎన్నిసార్లు?"

"ఒకసారే. తెరుచుకుంది."

"వెనక సీట్లో అట్టపెట్టె ఏమైనా ఉందా? పాత మాడ్యూల్ పెట్టింది?"

"ఏమీ లేదండీ. మామయ్య ఒక్కడే."

"అక్కడే పెట్టానండి," అన్నాడు మేస్త్రి. "ఆయన చూస్తుండగానే పెట్టాను."

టీచర్ బ్యానెట్ ఎత్తించింది. మేస్త్రి బకెట్టు మీద నుంచి లేవకుండానే మెడ సాచి చూశాడు. బ్యాటరీ మీద నట్టును టీచర్ రెండు వేళ్ళతో పట్టుకుంటే తిరిగింది.

"అది నా బిగింపు కాదండి," అన్నాడు అతను వెంటనే. "దాని మీద గ్రీజు రాస్తాను. తుడిచేశారు చూడండి. నేను బిగిస్తే చేత్తో తిరుగుతుందా?"

"వీధి మేస్త్రీలు బిగిస్తే ఏదైనా తిరుగుతుంది," అన్న మాట వెనక నుంచి వినిపించింది.

మాట్లాడింది షోరూం ఇంజనీరు. నిపుణుడి అభిప్రాయం కావాలని ఇన్‌స్పెక్టరే పిలిపించాడు. ఇస్త్రీ మడత నలగని చొక్కా, మెడలో కంపెనీ కార్డు. కారుకి మూరెడు దూరంలో నిలబడ్డాడు, మసి అంటుతుందన్నట్టు.

"మేడం, మీ లెక్క బాగుంది. పిల్లలకైతే పది మార్కులెయ్యొచ్చు. కానీ మాడ్యూల్ సరిగ్గా కూర్చోకపోతే కరెంటు వచ్చీపోయీ గడియారం దానంతటదే పన్నెండుకి పోతుంది. తాళాలూ అంతే. ఒకసారి పడతాయి, ఒకసారి తెరుచుకుంటాయి. అందుకే ఆ అబ్బాయి నొక్కితే తెరుచుకుంది."

"మీరు కారు ముట్టుకోకుండానే చెప్పేస్తున్నారు."

"పదిహేనేళ్ళ అనుభవం. ముట్టుకోనక్కర్లేదు. తలుపులన్నీ మూయండి. ఎవరూ దగ్గరికి రావద్దు. ఊరికే చూస్తూ ఉండండి. కాసేపట్లో మీ కళ్ళ ముందే తాళం దానంతటదే పడుతుంది."

"నీ దగ్గరున్న కీలు?" అంది టీచర్ ఇన్‌స్పెక్టర్‌తో.

అతను ప్లాస్టిక్ కవరు పైకెత్తి చూపించాడు. ప్రొఫెసర్ జేబులోది, సొరుగులోది, రెండు కీలూ అందులోనే ఉన్నాయి. కవరు మూతి మీద పోలీసు చీటీ అంటించి ఉంది.

బ్యానెట్ దించి తలుపులు మూశారు. పది యాభై నాలుగు. ఇంజనీరు చేతులు కట్టుకున్నాడు. మేస్త్రి పెదాలు కదుపుతూ కారునే చూస్తున్నాడు. జబ్బుపడ్డ పిల్లాడి జ్వరం దిగాలని చూసే తండ్రిలా ఉన్నాడు. పది యాభై ఎనిమిది.

టక్. వెంటనే ఇంకో టక్. ఇండికేటర్లు రెండుసార్లు వెలిగి ఆరాయి.

ఇన్‌స్పెక్టర్ వెళ్ళి పిడి లాగాడు. నాలుగు తలుపులూ బిగుసుకుని ఉన్నాయి. అతను చేతిలోని కవరు చూశాడు, కారును చూశాడు.

"డబుల్ లాక్," అన్నాడు ఇంజనీరు. "ఇలా పడితే లోపలి పిడి లాగినా తలుపు రాదు. నిన్న రాత్రి పడింది ఇదే. ఇంకేం కావాలి?"

"లెండి మేస్త్రీ," అన్నాడు ఇన్‌స్పెక్టర్ మెల్లగా. "సారీ టీచర్ గారూ."

మేస్త్రి లేచాడు గానీ నడవలేదు. "మా ఆవిడకి ఒక మాట చెప్పండి టీచరమ్మా. షాపు తాళం పక్కింటావిడ దగ్గరుంది. రెండు కార్లు విప్పి పెట్టాను. వాటి వాళ్ళకి ఇబ్బంది అవుతుంది."

టీచర్ అతని మాట విననట్టే ఉంది. ఆమె చూపు ఆరిపోయిన ఇండికేటర్ల మీదే ఉంది.

"మేస్త్రీ, మాడ్యూల్ జ్ఞాపకం పెట్టుకుంటుందా?"

"ఏంటండి?"

"తాళం పడిందనుకో. ఎవరు వెయ్యమన్నారో దానికి గుర్తుంటుందా?"

మేస్త్రి ముఖంలోకి మెల్లగా రక్తం వచ్చింది. "ఉంటుందండి. ఏ కీ నొక్కితే ఆ కీ నంబరు రాసుకుంటుంది. దానంతటదే పడితే నంబరు ఉండదు, ఖాళీగా ఉంటుంది. నా స్కానర్ జీపులో ఉంది, పొద్దున్న వీళ్ళే తీసుకున్నారు."

"ఒప్పుకోను," అన్నాడు ఇంజనీరు. "ముద్దాయి చేతికి స్కానర్ ఇస్తారా? ఉన్నదంతా చెరిపేస్తాడు."

"అయితే మీరే పెట్టండి. అతను దూరం నుంచి చెప్తాడు. లేకపోతే పదిహేనేళ్ళ అనుభవానికి స్కానర్ పట్టుకోవడం రాదా?"

ఇంజనీరు చెయ్యి చాచాడు. ఇన్‌స్పెక్టర్ జీపులోంచి స్కానర్ తెప్పించాడు. తర్వాత కవరు పైనుంచే ఒక కీ నొక్కాడు. ఒక్క నొక్కుకే తలుపులు తెరుచుకున్నాయి. ఇంజనీరు ఇస్త్రీ ప్యాంటుతోనే మోకాళ్ళ మీద కూర్చుని స్టీరింగ్ కింద స్కానర్ తగిలించాడు. తెర మీద వరసగా పడ్డవి పైనుంచి చదవడం మొదలుపెట్టాడు.

"తెరిచింది, ఒకటో కీ. అది ఇప్పుడు మీరు నొక్కింది. దానికి ముందు మూసింది..." ఆగిపోయాడు.

"చదవండి."

"మూడో కీ. డబుల్ లాక్."

"కిందికి వెళ్ళండి."

"తెరిచింది, రెండో కీ. ఇది పొద్దున్న మేనల్లుడు నొక్కింది అయ్యుంటుంది. దానికి ముందు..." ఇంజనీరు గొంతు తగ్గింది. "మూసింది, మూడో కీ. డబుల్ లాక్."

"ఖాళీ ఎక్కడైనా ఉందా?"

"లేదు."

"అంటే మాడ్యూల్ తనంతట తాను ఏదీ చెయ్యలేదు. చెప్పినట్టు విన్నది. ఈ కారుకి ఎన్ని కీలు ఎక్కి ఉన్నాయి?"

"మూడు."

ఇన్‌స్పెక్టర్ కవరును మళ్ళీ లెక్కపెట్టాడు, రెండే ఉన్నాయని తెలిసి కూడా. "అయితే మూడోది మేస్త్రే చేసుకున్నాడు. ఎక్కించింది అతనే కదా."

"ఇందాక తాళం పడ్డప్పుడు అతని ఖాళీ జేబుల పక్కన నీ కానిస్టేబుల్ ఉన్నాడు," అంది టీచర్. "ఆ కీ ఎంత దూరం పలుకుతుంది మేస్త్రీ?"

"ఇరవై అడుగులు. గోడ అడ్డముంటే అదీ రాదు."

"అయితే పది యాభై ఎనిమిదికి మూడో కీ ఈ షెడ్డు దగ్గరే ఎవరి జేబులోనో ఉంది."

ఇన్‌స్పెక్టర్ ఇంజనీరు వైపు తిరిగాడు. ఇంజనీరు కొంతసేపు నమ్మలేనట్టు చూశాడు. తర్వాత నిలబడి, జేబుల్లోవి ఒక్కొక్కటే తీసి బ్యానెట్ మీద పెట్టాడు. ఫోను, పర్సు, దువ్వెన, సగం అయిపోయిన బిళ్ళల అట్ట. జేబుల లోపలి గుడ్డ కూడా బయటికి లాగి చూపించాడు.

"నేను గర్వపోతునేనండీ మేడం. దొంగను కాను."

"తెలిసింది. మీరు పడుతుందన్న మాటను ఎవరో నిజం చేసిపెట్టారు. ఇప్పుడు ఒకటి చెప్పండి. అసలు పాత మాడ్యూల్ పాడైందని దేన్నిబట్టి తేల్చారు?"

"ప్రొఫెసర్ గారు రాసి పంపిన కంప్లయింటు చూసి. తాళం వేసిన కారు తెల్లారేసరికి తెరిచి ఉంటోంది. లోపలి దీపం వెలుగుతోంది. డ్రైవరు సీటు వెనక్కి జరిగి ఉంటోంది."

బకెట్టు దగ్గర్నుంచి మేస్త్రి అన్నాడు: "ఈ కారులో సీటు చేత్తోనే జరపాలండి. కింద మీట ఉంటుంది. మాడ్యూల్‌కీ దానికీ ఒక్క వైరు కూడా లేదు."

ఇంజనీరు తల తిప్పి సీటు కింద చూశాడు. మీట కనబడింది. చెవులు ఎర్రబడ్డాయి.

"అంటే పాతది బాగానే ఉంది," అంది టీచర్. ఆమె మాటలు ఇప్పుడు తనకు తానే చెప్పుకుంటున్నట్టున్నాయి. "రాత్రిళ్ళు ఎవరో ఈ కారు తీసుకెళ్తున్నారు. వాళ్ళ కాళ్ళు ప్రొఫెసర్ కంటే పొడుగు. తిరిగి తెచ్చి పెట్టినప్పుడు ఒక్కోసారి తాళం మరిచిపోతున్నారు. ఆయనకు అనుమానం వచ్చింది. ఎవరు, ఎన్నిసార్లు అన్నది ఆ పాత డబ్బాలో ఉంది. అందుకే అది మాయమైంది. అది పాడైందన్న మాట మొదట ఎవరన్నారు? కాగితంలో ఉందా?"

"కాగితంలో లేదు," అన్నాడు ఇంజనీరు. "ఆయన జరిగింది మాత్రమే రాశారు. కాగితం తెచ్చిచ్చిన మనిషి అన్నాడు, మాడ్యూల్ పోయినట్టుంది సార్ అని. నాకూ సరే అనిపించింది."

టీచర్ ఆ మనిషి ఎవరని అడగలేదు. మేస్త్రి దగ్గరికి వెళ్ళి, మళ్ళీ అదే స్టూలు మీద కూర్చుంది.

"నువ్వు నాకొకటి దాచావు."

మేస్త్రి చేతులు ఒకదాన్నొకటి పట్టుకున్నాయి.

"కొత్త డబ్బాకి కీలు ఎలా ఎక్కిస్తావు?"

"స్విచ్చి వేసి, తాళం బటను పట్టుకోవాలండి. మాడ్యూల్ చెవులు తెరుచుకున్నట్టు అవుతుంది, అర నిమిషం సేపు. ఆ లోపల ఉన్న కీలన్నీ ఒక్కొక్కటి నొక్కాలి. ఒక్కో కీ ఎక్కగానే తలుపులు ఒకసారి టక్కుమంటాయి. అప్పుడు నొక్కని కీ ఇక జన్మలో పనిచెయ్యదు."

"నిన్న ఎన్ని నొక్కావు?"

"రెండు."

"ఎన్ని టక్కులు విన్నావు?"

మేస్త్రి వేళ్ళ గీతల్లోని గ్రీజును గోరుతో గీకాడు.

"మూడు," అన్నాడు చివరికి. "కొత్త డబ్బా కదా, తాళం ఒకసారి ఎగిరి పడిందేమో అనుకున్నాను. మళ్ళీ అన్నీ చెరిపి మొదట్నుంచి ఎక్కించాల్సింది. చెయ్యలేదు. టేపు మీద రెండు అని రాశాను. పొద్దున్న వీళ్ళు వచ్చినప్పుడు అర్థమైంది. కానీ చెప్తే ఏమవుతుందండి? మూడో కీ మేస్త్రే ఎక్కించుకున్నాడు అంటారు. ఇప్పుడన్నారు కదా. కీల విషయంలో ఒక్కసారి మాటొస్తే నా దగ్గరికి ఇంకెవరూ కారు తేరు."

"ఆ అర నిమిషంలో పక్కన ఇంకో కీ ఎవరైనా నొక్కితే?"

"ఈ కారు కోసం చేసినదైతే అదీ ఎక్కేస్తుంది."

"షోరూం నుంచి వెళ్ళినప్పుడు ఈ కారుకి మూడు కీలే," అన్నాడు ఇంజనీరు నెమ్మదిగా. "ఒకటి పోయిందని కంప్లయింటులో ఒక మూల రాశారు."

"పోలేదు. దాచుకున్నవాడు బతికించుకోవడానికి దాన్ని నిన్న సరిగ్గా ఆ అర నిమిషానికి వర్క్‌షాపుకి తేవాల్సి వచ్చింది." టీచర్ మేస్త్రి కళ్ళలోకి చూసింది. "అప్పుడు నీ పక్కన ఎవరున్నారు?"

"ప్రొఫెసర్ గారు సీట్లో ఉన్నారు. ఆయన ఒక కీయే తెచ్చుకున్నారు, రెండోది కూడా కావాలన్నాను. ఫోన్ చేస్తే ఇంటి నుంచి పట్టుకొచ్చాడు. అక్కడే కారు కిటికీ పక్కన నిలబడి చూశాడు."

"ఎవరు?"

మేస్త్రి గుమ్మం వైపు చెయ్యి చూపించాడు. గుమ్మం ఖాళీగా ఉంది.

ఇన్‌స్పెక్టర్ ఒక్క అంగలో బయటికి వెళ్ళాడు. గేటు దగ్గర రెండో కానిస్టేబుల్ సెల్యూట్ కొట్టాడు.

"మేనల్లుడు గారా సార్? ఇందాకే వెళ్ళిపోయారు. ఆసుపత్రి నుంచి ఫోనొచ్చిందట. మామయ్య కళ్ళు తెరిచారని చెప్పి, బండి మీద వెళ్ళారు."

"ఎన్నింటికి?" అంది టీచర్.

"పదకొండూ ఐదయ్యుంటుందండి."

ఆమె గడియారంలో పదకొండూ పద్దెనిమిది. ఆసుపత్రి బండి మీద పది నిమిషాల దారి. ఈ లెక్క ఇన్‌స్పెక్టర్ వేళ్ళు మడవకుండానే వేశాడు. జీపు వైపు పరిగెడుతూనే ఆసుపత్రికి ఫోన్ కలిపి, టీచర్‌కి వినపడేలా పెట్టాడు.

మేస్త్రి ఎవరూ పిలవకుండానే వెనకాలే వచ్చి జీపు ఎక్కాడు. అతన్ని ఎవరూ దిగమనలేదు. ప్రొఫెసర్ నోరు విప్పితేనే అతను ఇంటికి వెళ్ళేది.

"నర్సునండి," అంది అవతలి గొంతు. "అవునండి, మెలకువొచ్చింది. మంచినీళ్ళు అడిగారు. ఏదో చెప్పాలని చూస్తున్నారు గానీ మాట ఇంకా తిరగట్లేదు. మీరేం కంగారు పడకండి సార్. వాళ్ళబ్బాయి వచ్చేశారు."

"మేనల్లుడా?"

"ఆయనేనండి. పాపం, చాలా బాధపడుతున్నారు. మామయ్యతో ఒక్క ఐదు నిమిషాలు ఒంటరిగా కూర్చుంటానన్నారు. తలుపు దగ్గరికేసి కిందికొచ్చాను."